రోగి పరిచారకునకు వలసిన గుణములు

చరకసంహిత సూత్రస్థానమున, తొమ్మిదవ అధ్యాయమునందు, పరిచారకునకు నాలుగు గుణములు చెప్పబడినవి: ఉపచారజ్ఞానము, దక్షత, రోగియందు అనురాగము, శౌచము. నేటి గృహపరిచర్యకును ఇవియే పునాదులు.

మంచము పట్టిన వృద్ధుని సుమారు 2 గంటల కొకసారి ఒత్తిగిలింపకున్నచో నడుమునను మడమలయందును పడకపుండ్లు పుట్టును. పరుండియుండగా అన్నము పెట్టినచో పొలమారి మెతుకులు శ్వాసనాళమున పడవచ్చును, కూర్చుండబెట్టియే తినిపింపవలెను. ఇవి యెఱుగుట ఉపచారజ్ఞానము. నొప్పి కలుగకుండ లేవనెత్తుట దక్షత. రోగిని ముట్టుటకు ముందును తరువాతను సబ్బుతో చేతులు కడుగుకొనుట శౌచము. స్నానము చేయించునపుడు దుప్పటి కప్పి మానము కాపాడుట, పసివానివలె గద్దింపకుండుట అనురాగము.

ఈ అనురాగమునకు భాషయు వలయును. మతిమఱుపు వ్యాధి ముదిరినపుడు తరువాత నేర్చిన భాష జారిపోయి, తల్లిభాషయే మిగులుట పలువురియందు కనబడును. జీవితమంతయు బజారులో కన్నడమో తమిళమో చక్కగా పలికిన తాతగారు తుదకు దాహమని తెలుగుననే అడుగవచ్చును. ఆ మాట గ్రహించి, వైద్యునకు స్థానికభాషలో తెలుపగల పరిచారకుడే ఆయనకు దిక్కు.

తల్లిదండ్రులారా! ఈ పని నీచమని పిల్లలకు నేర్పకుడు. ఇంట తెలుగు వినని బిడ్డకు ఆ తాతగారి దాహము బోధపడదు.