స్టీరింగ్ మార్చాలా, కారునే మార్చాలా?

అమెరికాలోనో దుబాయ్‌లోనో కొన్నేళ్లు ఉద్యోగం చేసి మరో దేశానికి మారుతున్న కుటుంబాలకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఇష్టపడి కొనుక్కున్న కారును వెంట తీసుకెళ్లాలా, అమ్మేయాలా? అక్కడి కార్లకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. భారత్, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో కుడివైపు ఉంటుంది. ‘మంచి మెకానిక్ దొరికితే అటుది ఇటు మార్చేస్తాడు’ అని సలహా ఇచ్చేవారూ ఉంటారు. ఆ సలహా పాటించే ముందు మూడు విషయాలు తెలుసుకోవాలి: డ్రైవరుకు ఏం కనిపిస్తుంది, స్టీరింగ్ వెనక ఏముంది, చట్టం ఏమంటోంది.

ముందు లారీ ఉన్నప్పుడు

వాహనాలు రోడ్డుకు ఎడమవైపు నడిచే చోట డ్రైవరు కుడివైపు, అంటే రోడ్డు మధ్యకు దగ్గరగా కూర్చుంటాడు. ఎదురుగా వచ్చే వాహనాలు బాగా కనిపించాలన్నదే దీనివల్ల ప్రధాన ప్రయోజనం. తేడా ఎంతో చిన్న లెక్కతో చూద్దాం.

రెండు వరుసల రోడ్డు. ఒక్కో వరుస వెడల్పు 3.5 మీటర్లు. మీ ముందు 2.5 మీటర్ల వెడల్పున్న లారీ వెళ్తోంది. మీ కారు సరిగ్గా దాని వెనకే ఉంది. మీ కంటికీ లారీ వెనక భాగానికీ మధ్య దూరం 20 మీటర్లు. డ్రైవరు కన్ను కారు మధ్య గీతకు 40 సెంటీమీటర్లు పక్కగా ఉంటుందనుకుందాం.

డ్రైవరు కుడివైపు కూర్చుంటే లారీ కుడి అంచు అతని కంటికి 0.85 మీటర్లు పక్కన ఉంటుంది. ఎడమవైపు కూర్చుంటే 1.65 మీటర్లు. బడిలో చదువుకున్న సరూప త్రిభుజాలతో లెక్కిస్తే, ఎదుటి వరుస మధ్యలో వచ్చే వాహనం మొదటి డ్రైవరుకు సుమారు 73 మీటర్ల దూరం వరకు కనిపిస్తుంది. రెండో డ్రైవరుకు 47 మీటర్ల వరకే కనిపిస్తుంది. రెండు వాహనాలూ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తుంటే, ఈ 26 మీటర్లు సుమారు ముప్పావు సెకనులో కరిగిపోతాయి.

ఈ లెక్కలో ఒక పరిష్కారం కూడా ఉంది. కనిపించే దూరం లారీకి మీరు వదిలిన ఖాళీకి అనులోమానుపాతంలో పెరుగుతుంది. ఎడమవైపు కూర్చున్న డ్రైవరు 20 బదులు 31 మీటర్లు వెనక ఉంటే, అతనికీ దాదాపు 73 మీటర్లు కనిపిస్తాయి. ఆ దూరం కూడా ఓవర్‌టేక్ చేయడానికి చాలదు. కానీ స్టీరింగ్ వైపు వల్ల కలిగే లోటును చాలావరకు క్రమశిక్షణతో పూడ్చుకోవచ్చని దీన్నిబట్టి అర్థమవుతుంది.

స్టీరింగ్ వెనక

స్టీరింగ్ చక్రం కింద కడ్డీ, దాని చివర పినియన్, చక్రాలను తిప్పే ర్యాక్ ఉంటాయి. వీటిని అటు నుంచి ఇటు మార్చాలంటే ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న లోహపు గోడకు కొత్త రంధ్రాలు చేయాలి. బ్రేక్ బూస్టర్, పెడల్స్, డ్యాష్‌బోర్డు, ఏసీ పెట్టె, వైరింగ్, వైపర్లు అన్నీ కదలాలి. ఢీకొన్నప్పుడు స్టీరింగ్ కడ్డీ లోపలికి ముడుచుకుపోయి డ్రైవరు ఛాతీని కాపాడాలి. ఎయిర్‌బ్యాగ్ సరైన క్షణంలో తెరుచుకోవాలి. ఇవన్నీ తయారీదారు ప్రమాద పరీక్షల్లో సరిచూసినవి. గోడ కోసి వెల్డింగ్ చేశాక ఆ పరీక్షల ఫలితాలు ఈ కారుకు వర్తిస్తాయని చెప్పలేం.

పాత ర్యాక్‌ను అలాగే ఉంచి, గొలుసుతో తిప్పే చవక పద్ధతి ఇంకా ప్రమాదకరం. గొలుసు వదులై స్టీరింగ్‌లో 5 డిగ్రీల తేడా వచ్చిందనుకుందాం. స్టీరింగ్ నిష్పత్తి 16:1 అయితే ముందు చక్రాల దగ్గర అది 0.3 డిగ్రీలే. కానీ గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ చిన్న తేడాకే కారు ఒక్క సెకనులో అర మీటరుకు పైగా పక్కకు జరగగలదు.

ఈ పని పద్ధతిగా చేసేవారు లేకపోలేదు. మెల్‌బోర్న్‌లో వాకిన్‌షా సంస్థ అమెరికా పికప్ ట్రక్కులను కుడివైపు స్టీరింగ్‌కు మారుస్తోంది. అయితే అది ఒకే మోడల్‌ను వరుసగా మార్చే ఫ్యాక్టరీ పని. వీధి చివరి షెడ్డులో ఒక్క కారుకు జరిగే పనితో దాన్ని పోల్చలేం.

మరిచిపోయే హెడ్‌లైట్లు

డిమ్ వేసినప్పుడు కాంతి రెండు వైపులా సమానంగా పడదు. రోడ్డు అంచు వైపు కాస్త పైకి, ఎదురు వాహనాల వైపు కిందికి పడుతుంది. కుడివైపు ట్రాఫిక్ కోసం చేసిన లైట్లు మన రోడ్ల మీద ఎదుటి డ్రైవరు కళ్లలోకే కొడతాయి. 1967 సెప్టెంబరు 3న స్వీడన్ ఎడమవైపు ట్రాఫిక్ నుంచి కుడివైపుకు మారింది. అక్కడి కార్లలో చాలావాటికి స్టీరింగ్ అప్పటికే ఎడమవైపు ఉండేది. అందుకని స్టీరింగ్‌ల జోలికి పోనక్కర్లేకపోయింది. హెడ్‌లైట్లు మాత్రం మార్చుకోవలసి వచ్చింది.

చట్టం ఏమంటోంది?

బ్రిటన్‌లో ఎడమవైపు స్టీరింగ్ కారు నడపడం చట్టబద్ధమే. హెడ్‌లైట్లు అక్కడి ట్రాఫిక్‌కు తగ్గట్టు ఉండాలి. వెనక ఫాగ్ ల్యాంప్ కుడివైపు గానీ మధ్యలో గానీ ఉండాలి.

భారత్‌లో పరిస్థితి వేరు. దిగుమతి నిబంధనల ప్రకారం వాడిన కారు తయారై మూడేళ్లు దాటకూడదు. దానికి కుడివైపు స్టీరింగ్, కిలోమీటర్లు చూపే స్పీడోమీటరు, ఎడమవైపు ట్రాఫిక్‌కు తగిన హెడ్‌లైట్లు ఉండాలి. అంటే ‘తెచ్చాక మార్పిస్తాం’ అనే ఆలోచన ఓడరేవు దాటదు. దీనికితోడు, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు.

మరి ఏం చేయాలి?

భారత్‌కు వస్తుంటే కారును అక్కడే అమ్మి, ఇక్కడ కొనుక్కోవడం మేలు. బ్రిటన్‌కు వెళ్తుంటే స్టీరింగ్‌ను ముట్టుకోకుండా లైట్లు సరిచేయించుకుని, ముందు వాహనానికి ఎక్కువ ఖాళీ వదిలి నడపడం అలవాటు చేసుకోవాలి. చట్టం మార్పు తప్పనిసరి అనే చోట ఆ మోడల్‌నే క్రమం తప్పకుండా మార్చే, ఇంజినీరు ధ్రువపత్రం ఇచ్చే సంస్థ ఉందో లేదో ముందుగా కనుక్కోవాలి. లేకపోతే కారు మీద మమకారం వదులుకోవడమే మంచిది. స్టీరింగ్ ఏ వైపున్నా, ఢీకొన్న క్షణంలో అది డ్రైవరును కాపాడాలి. అలా కాపాడుతుందన్న హామీ లేని మార్పు ఎంత చవకగా దొరికినా దండగే.