తాకితే పలికే వాద్యం: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

నీ టచ్ కంట్రోలరుకి తోడుగా ఇంకో సింథసైజరు కొనాలా, లేక కొత్త సౌండ్ ప్యాకులు వేసుకుంటే సరిపోతుందా అని అడిగావు. రెండూ వద్దంటాను. వేదిక మీద వాయించడమే నీ ఉద్దేశమైతే, ఇప్పుడున్న వందల ధ్వనుల్లోంచి ఒక్కదాన్ని ఎంచుకో. వేలు ఎటు కదిలితే ఆ ధ్వనిలో ఏం మారాలో ఒకసారి తేల్చుకో. ఆ తరువాత కనీసం ఏడాది పాటు ఆ ఏర్పాటు జోలికి పోకు. పిసినారి సలహాలా వినిపిస్తుందని తెలుసు. ఎందుకు కాదో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

వీణ తీగను మెట్టు మీద పక్కకి లాగితే స్వరం పైకి పోతుంది. అలా పోవాలని ఏ వైణికుడూ నిర్ణయించలేదు. బిగువు పెరిగితే కంపనం వేగం పెరుగుతుంది, అంతే. గట్టిగా మీటితే వాల్యూమ్ పెరగడంతో పాటు నాదం రంగు కూడా కాస్త మారుతుంది. ఆ బంధం ఎన్ని తరాలైనా అలాగే ఉంది కాబట్టి గురువు చేతిని చూసి శిష్యుడు నేర్చుకోగలిగాడు. నీ వాద్యంలో అలాంటి బంధం పుట్టుకతో రాలేదు. నీ వేలి కింద ఉన్నది సెన్సరు. వేలు ఎంత నొక్కింది, ఎక్కడుంది అన్న సంగతిని అది అంకెలుగా మార్చి పంపుతుంది. ఆ అంకె సింథసైజరులో దేన్ని కదిలించాలో, శ్రుతినో వాల్యూమునో ఫిల్టరునో, ఎవరో ఒకరు చెప్పాలి. ముందే అలా అమర్చిపెట్టిన ధ్వనినే ప్రీసెట్ అంటారు. ఒక ప్రీసెట్‌లో నొక్కితే నాదం పెద్దదవుతుంది, ఇంకోదాంట్లో నొక్కితే వణుకు మొదలవుతుంది, మరోదాంట్లో ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ప్రతి ప్రీసెట్‌నీ తయారుచేసిన మనిషి తన చేతికి నచ్చినట్టు ఆ ముడి వేసి పెట్టాడు. కాబట్టి ప్రీసెట్ మారిందంటే వాద్యమే మారినట్టు లెక్క. పాట పాటకీ వాద్యం మార్చేవాడి చెయ్యి ఏం నేర్చుకుంటుంది?

ఎలక్ట్రానిక్ వాద్యాలకు నూరేళ్ల చరిత్ర ఉంది, అది కూడా నా వైపే సాక్ష్యం చెబుతోంది. రష్యన్ శాస్త్రజ్ఞుడు లియోన్ థెరెమిన్ చేసిన వాద్యం 1920 ప్రాంతంలో పుట్టింది. 1928లో దానికి అమెరికాలో పేటెంటు వచ్చింది. రెండు యాంటెన్నాల దగ్గర గాలిలో ఆడే రెండు చేతులు. ఒకటి శ్రుతికి, రెండోది వాల్యూముకి. ముట్టుకోకుండానే పలుకుతుంది కాబట్టి చూసేవాళ్లకు గారడీలా తోచేది. దాన్ని కచేరీ వాద్యంగా నిలబెట్టిన మనిషి క్లారా రాక్‌మోర్. చిన్నతనంలో వయొలిన్ నేర్చి, చేతి బాధ వల్ల అది వదులుకుని ఇటు వచ్చింది. పట్టుకోవడానికి తీగ లేని చోట వేళ్లను కొద్దికొద్దిగా విప్పుతూ ముడుస్తూ ఏ స్వరానికి ఏ వేళ్ల అమరికో స్థిరపరచుకుంది. వాద్యం పరిధిని మూడు స్థాయిల నుంచి ఐదుకు పెంచాలని, స్పందన ఇంకా చురుగ్గా ఉండాలని థెరెమిన్‌ను అడిగి చేయించుకుంది. రెండూ చేతికి అక్కరకొచ్చే మార్పులే, గమనించు.

అదే 1928లో పారిస్‌లో మారిస్ మార్టెనో తన వాద్యాన్ని జనం ముందు వాయించాడు. ఆయన చెల్లో వాయించే మనిషి, ఆ అలవాటు వాద్యంలో కనిపిస్తుంది. కుడి చేతి వేలికి ఉంగరం, ఉంగరానికి తీగ. వేలు జరిగిన కొద్దీ స్వరం జారుతుంది. ఎడమ చేతి కింద ఒక మీట. ఎంత లోతుగా నొక్కితే అంత నాదం, వదిలేస్తే నిశ్శబ్దం. మార్టెనో దశాబ్దాల పాటు ఆ వాద్యానికి మెరుగులు దిద్దుతూనే ఉన్నాడు, కానీ ఉంగరాన్నీ మీటనీ తీసెయ్యలేదు. అందుకే 1947లో పారిస్ కన్సర్వేటరీలో దాన్ని తరగతిగా చెప్పడం వీలైంది. ఒలివియే మెస్సియాన్ తురంగలీల సింఫనీ (ఆ పేరు మన శార్ఙ్గదేవుడి తాళాల పట్టికలోది) 1949లో బోస్టన్‌లో తొలిసారి మోగినప్పుడు, అంత పెద్ద ఆర్కెస్ట్రా మధ్యలో ఈ వాద్యానికి సొంత చోటు దొరికింది. పాఠంగా చెప్పదగినది ఏదైనా చేతిలో కుదురుకోవాలి, చేతిలో కుదురుకోవాలంటే అది రోజుకో రకంగా ఉండకూడదు.

మధ్యలో యంత్రం వైపు నిజంగానే లోపం ఉన్న రోజులున్నాయి. 1983లో మిడి వచ్చింది. ఏ కంపెనీ కీబోర్డుతోనైనా ఏ కంపెనీ సింథ్‌నైనా పలికించే ఉమ్మడి భాష అది, గొప్ప మేలే చేసింది. కానీ పియానో తరహా కీబోర్డుని మనసులో పెట్టుకుని చేసిన భాష. మీట కొట్టిన వేగాన్ని 128 మెట్లలో చెబుతుంది. స్వరాన్ని వంచే పిచ్ బెండ్ మాత్రం ఒక ఛానెల్ మొత్తానికీ ఒకటే, కాబట్టి మూడు స్వరాలు పట్టుకుని ఒకదాన్ని వంచుదామంటే మూడూ వంగేవి. ప్రతి మీటకీ విడివిడిగా వేలి ఒత్తిడిని పసిగట్టే యమహా సీఎస్-80 అంతకు ముందే, 1977 నాటికే ఉంది. దాదాపు 100 కిలోల బరువు. 'బ్లేడ్ రన్నర్' (1982) సంగీతంలో వాంజెలిస్ చేతిలో ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బి తగ్గే ఆ నాదం దానిదే. 2018లో ఎంపీఈ అనే పద్ధతి మిడిలో అధికారికంగా చేరాక, ఒక్కో స్వరాన్ని ఒక్కో ఛానెల్ మీద పంపి దేని వంపు దానికి ఇవ్వడం అందరికీ సాధ్యమైంది. లిపోల్డ్ హాకెన్ కంటిన్యుయం, రోజర్ లిన్ లిన్‌స్ట్రుమెంట్, రోలీ సీబోర్డు, ఆస్మోస్ అనే స్పర్శ వాద్యాలన్నిటికీ ఈ భాష తెలుసు. అంటే నీ తరానికి యంత్రం మీద తోసెయ్యడానికి సాకు మిగల్లేదు.

మన సంగీతం సంగతికి వస్తే ఈ వాదన ఇంకా బలపడుతుంది. హార్మోనియం గమకం పలకదన్న ఫిర్యాదుతో ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు దాన్ని దూరం పెట్టింది. ఆ నిషేధం సబబా కాదా అన్నది వేరే తగువు. ఆ ఫిర్యాదు మాత్రం నీ వాద్యానికి వర్తించదు. జారు, కంపితం, స్ఫురితం, ఏదైనా దీని మీద వేలితో పలికించవచ్చు. 'ఢిల్లీ-6' (2009)లో 'రెహనా తూ' పాటలో ఏ.ఆర్. రెహమాన్ కంటిన్యుయం మీద వాయించిన భాగం విను. ఐప్యాడ్ మీద జియోష్రెడ్‌తో మహేశ్ రాఘవన్ వాయించే కర్ణాటక కృతులు విను. గాజు పలక మీద కూడా రాగఛాయ నిలబడుతుందని తెలుస్తుంది. వీళ్లందరికన్నా ముందు నువ్వు గుర్తుంచుకోవలసినవాడు మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. మామూలు మాండలిన్‌కి నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగల్ని లాగితే రెండూ ఒకే స్వరానికి వంగడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఐదు ఒంటి తీగలతో వాయించాడు. తీగలు తగ్గాయి, రాగం పెరిగింది. ఆ చిన్న వాద్యంతోనే చివరిదాకా కచేరీలు చేశాడు.

ఇక నీ వేళ్ల విషయం. పక్కకి జరిపితే శ్రుతి, నొక్కితే వాల్యూమ్, ముందుకి జరిపితే నాదం మెరుపు, అంటే ఫిల్టరు. ఈ మూడింటితో మొదలుపెట్టు, నాలుగోది చేర్చకు. ఎంచుకున్న ధ్వనిలో ముందే అమర్చిన వణుకు ఏదైనా ఉంటే తీసెయ్యి. నీ వేలు ఊగితేనే స్వరం ఊగాలి. రివెర్బ్, డిలే లాంటి ప్రతిధ్వని ఎఫెక్టులు సాధనలో పూర్తిగా ఆపు. అవి తప్పుల్ని అందంగా కప్పేస్తాయి. కంట్రోలరులోనూ సింథ్‌లోనూ బెండ్ రేంజి (స్వరం ఎంత దూరం వంగాలన్న కొలత) ఒకటే ఉందో లేదో చూడు. ఎంపీఈలో మామూలుగా 48 అర్ధస్వరాలు పెడతారు. ఒక పక్క 48, ఇంకో పక్క 2 ఉంటే సగం చెయ్యి జరిగినా స్వరం కదిలీ కదలనట్టు ఉంటుంది, నువ్వేమో నీ చెవిని అనుమానిస్తావు. శ్రుతిని దగ్గరి స్వరానికి లాగి సరిచేసే సదుపాయం చాలా కంట్రోలర్లలో ఉంటుంది. వేలు మోపిన క్షణానికి అది పనికొస్తుంది. ఆ తరువాత కూడా పని చేస్తూ ఉంటే తోడి గాంధారం చచ్చిపోతుంది. ఆ స్వరం ఒక గీత మీద నిలబడేది కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ బతికేది. యంత్రం దాన్ని గీత మీదకు లాగితే మిగిలేది తోడి కాదు. అన్నిటికన్నా కష్టం ఇంకొకటుంది. కంపితం కోసం వేలు అటూ ఇటూ ఊపుతుంటే తెలియకుండా ఒత్తిడి కూడా మారుతుంది, దాంతో స్వరంతో పాటు వాల్యూమూ ఊగుతుంది. వినేవాళ్లకు గొంతులో కఫం అడ్డుపడినట్టుంటుంది. ఒత్తిడిని సమంగా పట్టి శ్రుతిని మాత్రమే ఊపడం నెలల తరబడి చెయ్యవలసిన సాధన, ఏ సెట్టింగూ నీ కోసం చెయ్యదు. సరళీ వరుసలు, జంట స్వరాలు విలంబంలో ఇలాగే చెయ్యి. విసుగ్గా ఉంటుంది. ఉండనీ.

నువ్వు అడ్డు చెప్పగల మాటలు నాకు తెలుసు. అంతులేని ధ్వనులే కదా సింథసైజరు సొగసు, ఒక్కదానికి కట్టిపడేస్తే ఇక అది కొనడమెందుకు అంటావు. స్టూడియోలో కూర్చుని పాట కడుతున్నప్పుడు ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం, అక్కడ నిన్ను ఆపను. వేదిక వేరు. అక్కడ వినేవాడు నీ చేతిని చూస్తూ వింటాడు. వేలు కదలడానికీ నాదం మారడానికీ సంబంధం మొదటి రెండు నిమిషాల్లో అతనికి పట్టుబడితే, ఆ తరువాత నువ్వు చేసే ప్రతి చిన్న మార్పూ అర్థమవుతుంది. పట్టుబడకపోతే నువ్వు వాయిస్తున్నావో, బటన్ నొక్కి రికార్డు పెట్టావో తేల్చుకోలేక ఫోన్ తీస్తాడు. (అతని తప్పేం లేదు.) పైగా ఒక్క వాద్యమంటే ఒక్క రకం నాదమనుకోవడం పొరపాటు. 1930లో బెర్లిన్‌లో పుట్టిన ట్రాటోనియాన్ని ఆస్కార్ సాలా జీవితాంతం వదల్లేదు, దానికే మెరుగులు దిద్దుకుంటూ పోయాడు. హిచ్‌కాక్ 'ది బర్డ్స్' (1963)లో పక్షుల అరుపులు దాని మీద పుట్టించినవే.

అంత గమకం కావాలంటే హాయిగా వీణే నేర్చుకోవచ్చు కదా అని మీ అమ్మ అంటుంది. నేర్చుకో, మంచిదే. కానీ వీణ తీగ మీటగానే నాదం తరగడం మొదలవుతుంది. నీ వాద్యంలో వేలు ఉన్నంతసేపూ నాదం ఉంటుంది, మధ్యలో పెంచవచ్చు కూడా. ఒక చేత్తో షడ్జమ పంచమాలు కదలకుండా పట్టి, రెండో చేత్తో పై స్వరాన్ని మాత్రమే వంచవచ్చు. మన సంగీతానికి ఇది ఏ మేరకు ఒప్పుతుందో నువ్వే వెతకాలి, వైణికులు వెతికి పెట్టలేదు.

గట్టి అభ్యంతరం ఇంకొకటి. కంపెనీలు మూతపడతాయి, మోడళ్లు ఆగిపోతాయి, ఒకదాన్నే నమ్ముకుంటే ఎలా? భయం ఉత్తదేం కాదు. సీబోర్డు చేసిన రోలీ 2021లో ఆర్థికంగా కుదేలై, తరువాత తేరుకుంది. కానీ ఈ భయమే నా సలహాకి మరో కారణం. పక్కకి శ్రుతి, ఒత్తిడికి వాల్యూమ్, ముందుకి మెరుపు అన్న ఒప్పందం ఇప్పుడు చాలా కంట్రోలర్లకు ఉమ్మడి. చెయ్యి దాన్ని నేర్చుకుంటే రేపు వేరే పలక మీదకు మారినా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ప్రీసెట్ల మీద ఆధారపడ్డ మనిషికి ఆ సాఫ్ట్‌వేరు తెరుచుకోని రోజు ఏమీ మిగలదు. నీ ఏర్పాటు మొత్తం, ఏ కదలిక దేనికి, ఎంత మేరకు అన్నది ఒక కాగితం మీద చేత్తో రాసి పెట్టుకో. అది ఏ సింథ్‌లోనైనా మళ్లీ కట్టుకోవచ్చు.

లేటెన్సీ, అంటే వేలు మోపాక నాదం రావడంలో ఆలస్యం గురించి కుర్రవాళ్లు అతిగా బెంగపడతారు. 256 శాంపిళ్ల బఫరు అంటే సుమారు 6 మిల్లీసెకన్లు. మూడు మీటర్ల దూరంలోని స్పీకరు నుంచి నాదం నీ చెవికి చేరడానికే దాదాపు 9 పడుతుంది. ఇంతటి ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే చెయ్యి సర్దుకుపోతుంది. ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ అయితే ఎంత సాధన చేసినా లయ కుదరదు. అందుకే సాధనలోనూ వేదిక మీదా అదే బఫరు, అదే ఆడియో ఇంటర్‌ఫేస్ వాడు, బ్లూటూత్ జోలికి పోకు.

వచ్చే ఉత్తరంలో మూడు సంగతులు రాయి: ఏ ధ్వనిని ఎంచుకున్నావు, రెండు పక్కలా బెండ్ రేంజి ఎంత పెట్టావు, మాయామాళవగౌళలో మొదటి సరళీ వరుసని వాల్యూమ్ ఊగకుండా మొదటి కాలంలో ఎన్ని ఆవర్తాలు వాయించగలుగుతున్నావు. రికార్డింగ్ పంపితే రివెర్బ్ లేకుండా పంపు.

ఆశీస్సులతో,
మీ మామయ్య