ఉద్యోగం వెతికే ముందు ఒక వెబ్‌సైట్ కట్టండి

పళ్ల డాక్టరు క్లినిక్, చేనేత చీరల దుకాణం, కోచింగ్ సెంటర్, ఇంట్లో పచ్చళ్లు పెట్టి విదేశాలకు పంపే కుటుంబం, ఊళ్లో గ్రంథాలయం నడిపే స్వచ్ఛంద సంస్థ. వీళ్లందరికీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో జనానికి కనిపించడం అవసరమైంది. అందుకే సోషల్ మీడియా ఎగ్జిక్యూటివ్, కంటెంట్ రైటర్, ఎస్‌ఈఓ అనలిస్ట్, వెబ్ డిజైనర్ లాంటి కొలువులు మహానగరాలు దాటి జిల్లా కేంద్రాల దాకా వచ్చాయి. ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థులు ఎక్కువగా రెండు దారులు పడుతున్నారు. కొందరు మూడు నెలల కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. మరికొందరు ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచి ఫాలోవర్లు పెరిగితే చాలనుకుంటారు. రెండూ పనికిరావని అనను. కానీ ఈ రెంటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుందని, దాన్ని వదిలేయడం వల్లే చాలామంది ఇంటర్వ్యూల్లో చూపించడానికి ఏమీ లేక నిలబడిపోతున్నారని నా అభిప్రాయం. సొంత డొమైన్ (వెబ్ చిరునామా) మీద ఒక వెబ్‌సైట్ పెట్టుకుని, ఒకే విషయం మీద క్రమం తప్పకుండా రాసి, ఆ పేజీలను చేతులారా డిజైన్ చేసుకోవాలి. సోషల్ నెట్‌వర్కుల్ని అక్కడికి జనాన్ని రప్పించే దారులుగా వాడుకోవాలి. నేర్చుకునే క్రమం ఇదీ.

సొంత డొమైన్ ఎందుకని అడిగేవాళ్లు గడిచిన ఇరవై ఏళ్ల చరిత్ర చూడాలి. 2004లో వచ్చిన ఆర్కుట్ మన కాలేజీ కుర్రకారును ఊపేసింది. 2014 సెప్టెంబరు 30న దాన్ని మూసేశారు. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు, టిక్‌టాక్ మీద పేరు తెచ్చుకున్న మన పల్లెటూరి కళాకారులు రాత్రికి రాత్రే ప్రేక్షకుల్ని పోగొట్టుకున్నారు. మన దేశంలోనే పుట్టిన కూ 2024 జులైలో సేవలు ఆపేసింది. మూతపడని వేదికలైనా స్థిరంగా ఉంటాయా అంటే అదీ లేదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన న్యూస్ ఫీడ్‌లో స్నేహితులు, కుటుంబసభ్యుల పోస్టులకు ప్రాధాన్యం పెంచి, సంస్థల పేజీలకు తగ్గించింది. ఏళ్ల తరబడి పేజీ పెంచుకున్నవాళ్లు తమ సొంత ఫాలోవర్లకే కనిపించకుండా పోయారు. 1998లో మొదలైన ఈమాట వెబ్ పత్రిక పాత సంచికలు మాత్రం ఈనాటికీ సొంత చిరునామాలో తెరుచుకుంటాయి. సంతలో గంప దించి అమ్ముకోవచ్చు, పంట మాత్రం మన చేలో పండాలి. సంత ఎప్పుడు ఎక్కడికి మారుస్తారో మన చేతుల్లో లేదు.

డొమైన్‌కు పెద్ద ఖర్చేమీ కాదు. డాట్ ఇన్ పేరు ఏడాదికి సాధారణంగా వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. మొదటి ఏడాది తగ్గింపు ధర చూసి మురిసిపోకుండా రెన్యువల్ ధర అడిగి తీసుకోండి. హోస్టింగ్, అంటే పేజీల్ని ఉంచే చోటు, మొదట్లో ఉచితంగానే సరిపోతుంది. గిట్‌హబ్ పేజెస్‌లో హెచ్‌టీఎంఎల్ పేజీలు పెట్టుకోవచ్చు. 1999లో మొదలై తరవాత గూగుల్ చేతికి వచ్చిన బ్లాగర్‌కు కూడా సొంత డొమైన్ తగిలించుకోవచ్చు. రేపు బ్లాగర్ మూసేసినా రాతలు దించుకుని అదే చిరునామాతో ఇంకోచోటికి వెళ్లే వీలు ఉంటుంది. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నలభై శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి. చిన్న సంస్థల్లో ఉద్యోగం కోరుకునేవాళ్లు దాని లోపలి సంగతులు తెలుసుకుని ఉంటే మేలు.

ఇక రాయడం. ఇక్కడే చాలామంది చతికిలపడతారు, ఎందుకంటే ఎవరి కోసం రాస్తున్నామో ముందు తేల్చుకోరు. అగ్రికల్చర్ బీఎస్సీ చదివే విద్యార్థి మిరప పంట మీద బ్లాగు మొదలుపెట్టాడనుకుందాం. 2021-22లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిర్చి తోటల్ని నల్ల తామర పురుగు కోలుకోలేని దెబ్బ తీసింది. దాని మీద రాసిన పేజీకి ‘వ్యవసాయంలో ఆధునిక సవాళ్లు: ఒక పరిశీలన’ అని శీర్షిక పెడితే రైతు ఎప్పటికీ అక్కడికి రాడు. ‘మిరప పూతలో నల్ల తామర పురుగు: గుర్తుపట్టడం ఎలా, ఏం చేయాలి’ అంటే, చేలో పూత రాలిపోతుంటే ఫోన్ తీసిన మనిషి వెతికే మాటలే అందులో ఉన్నాయి. ఆ మనిషి తెలుగులో టైపు చేయొచ్చు, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టొచ్చు, మైకు నొక్కి మాట్లాడొచ్చు. మిర్చి అనొచ్చు, మిరప అనొచ్చు. ఈ రకరకాల మాటల్ని పేజీలో సహజంగా ఇమిడ్చి రాయడమే ఎస్‌ఈఓలో, అంటే వెతికినవాళ్లకు పేజీ కనిపించేలా చేయడంలో, సగం పని. పురుగు పూలలో చేరి గోకి రసం పీలుస్తుందని, నీలిరంగు జిగురు అట్టలు పెట్టాలని మొదటి నాలుగు వాక్యాల్లోనే చెప్పాలి. సమాచారం ఏ పరిశోధన స్థానం సిఫార్సో, పేజీ ఏ తేదీన సరిచూశారో కింద రాయాలి. పురుగుమందుల సిఫార్సులు మారుతుంటాయి. తేదీ లేని సలహా రైతు జేబుకు చిల్లు పెట్టగలదు.

అదే పేజీని డిజైనర్ కంటితో చూద్దాం. పురుగు పట్టిన పువ్వు ఫొటో ఫోన్‌లోంచి తీసింది తీసినట్టు పెడితే నాలుగైదు ఎంబీలు ఉంటుంది. సిగ్నల్ సరిగా అందని చేలగట్టున అది తెరుచుకునేలోగా రైతు వెనక్కి వెళ్లిపోతాడు. కొలత తగ్గించి, వెబ్‌పీ రూపంలోకి మారిస్తే నూటయాభై, రెండొందల కేబీల్లో సరిపోతుంది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ చెప్పే కొలమానం. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో దీన్ని ఎవరైనా ఉచితంగా పరీక్షించుకోవచ్చు. ఫొటోకి ‘మిరప పువ్వు లోపల నల్ల తామర పురుగులు’ అని ఆల్ట్ టెక్స్ట్ రాస్తే, చూపులేని పాఠకుడికి స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది, సెర్చ్ ఇంజిన్‌కూ ఆ బొమ్మ ఏమిటో తెలుస్తుంది. తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల ఎడం మనకు చాలదు. పై వరుసలోని వత్తులు కింది వరుస గుడులను గుద్దుకుంటాయి. లైన్ హైట్ 1.6కి తగ్గకుండా పెట్టి, ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు తెగకుండా వస్తున్నాయో లేదో చవక ఫోన్లో చూసుకోవాలి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన మ్యాటర్ నేరుగా వెబ్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో దొర్లిన తప్పుల్ని ఓపిగ్గా దిద్దాలి. పాత సంచికలున్న పత్రికలు, ప్రచురణ సంస్థలు, దేవాలయాలు, విద్యాసంస్థలు అన్నింటికీ ఈ పని అవసరమే. మన పిల్లలు దీన్ని చిన్నపనిగా చూడటం నాకు బాధగా ఉంటుంది. ఇది తెలుగు రాని డిజైనర్ చేయలేని పని.

పేజీ సిద్ధమయ్యాక సోషల్ నెట్‌వర్కులు రంగంలోకి వస్తాయి. ఒక్కో వేదిక తీరు ఒక్కోలా ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద రాసే వ్యాఖ్యలో లింకు నొక్కితే తెరుచుకోదు, ప్రొఫైల్‌లో పెట్టాలి. 2023 ఆగస్టు నుంచి యూట్యూబ్ షార్ట్స్ వివరణలోని లింకులూ అంతే. వాట్సాప్‌లో లింకు పంపినప్పుడు బొమ్మ, శీర్షిక కనిపించాలంటే పేజీలో ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు ఉండాలి. అవి లేకపోతే బొమ్మ లేకుండా ఉత్త చిరునామాలా కనిపించవచ్చు, రైతుల గ్రూపులో దాన్ని మోసపు లింకు అనుకుని ఎవరూ ముట్టుకోరు. కొన్ని వారాలయ్యాక గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరిస్తే, జనం ఏ మాటలతో వెతికి మీ పేజీ దాకా వచ్చారో, ఎన్నిసార్లు కనిపించి ఎన్నిసార్లు నొక్కించుకుందో తెలుస్తుంది. మీరు రాయని ప్రశ్న ఏదైనా అందులో కనిపిస్తే తరవాతి వ్యాసం అదే. ఇంటర్వ్యూలో ‘ఈ పేజీకి మొదట ఎవరూ రాలేదు, శీర్షిక మార్చాను, ఫొటో బరువు తగ్గించాను, ఆ తరవాత ఈ మార్పు వచ్చింది’ అని గ్రాఫు చూపించి చెప్పగలిగిన అభ్యర్థికి ఆలోచన, రాత, డిజైన్, కొలత నాలుగూ వచ్చని అర్థమైపోతుంది. సర్టిఫికెట్ అంత మాట చెప్పలేదు. ఫాలోవర్ల సంఖ్య అసలే చెప్పలేదు, దాన్ని డబ్బిచ్చి కొనుక్కోవచ్చని నియామకాలు చేసేవాళ్లకు బాగా తెలుసు.

ఈ రోజుల్లో వెబ్‌సైట్లు ఎవరు చూస్తారు, అందరూ రీల్స్‌లోనే ఉన్నారు కదా అన్నది మొదటి అభ్యంతరం. కాలక్షేపం వరకు అది నిజమే. సినిమా కబుర్లు, నవ్వించే వీడియోల విషయంలో నేను వాదించను. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఏ కాగితాలు కావాలో, మోకాలి ఆపరేషన్ తరవాత ఎన్నాళ్లకు నడవొచ్చో తెలుసుకోవాల్సిన మనిషి వేలితో రీల్స్ జరుపుతూ కూర్చోడు, వెతుకుతాడు. వెతికినవాడికి అక్కరకొచ్చేది నిలకడైన పేజీ. పైగా ఇందులో ఇంకో కోణమూ ఉంది. వీడియోల్లో రాణించాలన్నా ముందు విషయాన్ని వరసగా పేర్చుకోవడం రావాలి. రాత అలవాటున్నవాళ్లకు స్క్రిప్టు సులువవుతుంది. వీడియో మీ బలమైతే తప్పకుండా చేయండి, దాని పూర్తి పాఠాన్ని మాత్రం సొంత సైటులో ఉంచండి.

ఏఐ వచ్చేసింది, రాతా డిజైనూ అదే చేస్తుంది, గూగుల్ కూడా జవాబు తానే పైన రాసిచ్చేస్తోంది, ఇక మన పేజీ ఎవరు నొక్కుతారన్నది రెండో అభ్యంతరం, కాస్త గట్టిది. ఏఐ ఓవర్‌వ్యూస్ అనే ఈ గూగుల్ జవాబులు 2024 ఆగస్టులో మన దేశానికీ వచ్చాయి. పది సైట్లలో ఉన్నదాన్ని తిరగరాసే బ్లాగులకు ఇది నిజంగానే గండం, అలాంటి రాతలతో కెరీర్ కట్టుకోవాలనుకునేవాళ్లను నేను ప్రోత్సహించను. అయితే పేజీల నాణ్యతను పరిశీలించేవాళ్లకు ఇచ్చే మార్గదర్శకాల్లో గూగుల్ 2022 డిసెంబరులో స్వానుభవం అనే అంశాన్ని చేర్చిందని గుర్తుంచుకోవాలి. పొరుగు మండలంలో ఈ వారం పురుగు ఉద్ధృతి ఎలా ఉంది, పోచంపల్లి మగ్గం మీద ఒక చీరకు ఎన్ని రోజులు పడుతుంది, ఏ బస్టాండులో వీల్‌చైర్ వెళ్లే ర్యాంపు ఉంది అన్న సంగతులు ఎవరో వెళ్లి చూసి రాస్తేనే ఏఐకి తెలుస్తాయి. వెళ్లి చూసి రాసేవాళ్లు తెలుగులో ఇంకా తక్కువ. మీకున్న అవకాశం అదే. ఏఐతో అక్షరదోషాలు దిద్దించుకోండి, కోడ్‌లో తప్పు వెతికించుకోండి. సమాచారం మాత్రం మీ కాళ్లతో తిరిగి తెచ్చుకోండి.

తెలుగులో రాస్తే డబ్బొస్తుందా అన్న ప్రశ్నకు ఉన్నదున్నట్టు చెప్పాలి. గూగుల్ యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగు పేజీలకూ వర్తిస్తోంది కానీ కొత్త బ్లాగుకు దాని మీద వచ్చేది చాలా తక్కువ. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయానికే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ లేదా తొంభై రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు ఉండాలి. కాబట్టి మొదటి రెండేళ్లు సైటును ఆదాయ మార్గంగా చూడొద్దు, పని నమూనాగా చూడండి. కార్పొరేట్ సంస్థల్లో ఇంగ్లిష్ కావాలి కనుక నాలుగు పేజీలు ఇంగ్లిష్‌లోనూ రాయండి. డబ్బు తీసుకునో, ఉచితంగా వస్తువు తీసుకునో దేన్నైనా మెచ్చుకుంటే ఆ సంగతి పాఠకుడికి స్పష్టంగా చెప్పాలి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో దీని మీద మార్గదర్శకాలు ఇచ్చాయి. తప్పుదోవ పట్టించే ప్రచారానికి మొదటిసారి పది లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఇతరుల ఫొటోలు ఎత్తి పెట్టడం కూడా మానేయాలి, మంచి సంస్థ ఏదీ అలాంటి అభ్యర్థిని తీసుకోదు.

నేర్చుకోవడానికి దారులు చాలానే ఉన్నాయి. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ కోసం ఫ్రీకోడ్‌క్యాంప్ పాఠాలు, ఎండీఎన్ పేజీలు పూర్తిగా ఉచితం. డిజైన్‌నే వృత్తిగా ఎంచుకునేవాళ్లు ఇంటర్ తరవాత యూసీడ్ రాసి బీడిజైన్‌లో, డిగ్రీ తరవాత సీడ్ రాసి ఎండిజైన్‌లో చేరే ప్రయత్నం చేయొచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌ఐడీ ఉంది. ఎక్కడ చేరాలన్నా పోర్ట్‌ఫోలియో బలంగా ఉండటం మంచిదే. ఫీజు కట్టించుకునే ఇన్‌స్టిట్యూట్‌లో చేరేముందు, అక్కడ చదివినవాళ్లు కట్టిన సైట్లు చూపించమని అడగండి. చూపించలేకపోతే బయటికి వచ్చేయండి.

డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. మీకు బాగా తెలిసిన ఒక విషయం ఎంచుకుని, మీ పేరుతో డొమైన్ కొని, నెలకు రెండు పేజీల చొప్పున రాస్తూ పొండి. ప్లేస్‌మెంట్ల నాటికి చూపించడానికి తగినన్ని పేజీలుంటాయి. రెజ్యూమెలో పేరు కింద మొదటి వరుసలో ఆ చిరునామా రాయండి.