ల్యాబు ఎంచుకునే ముందు



పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. పాలిమర్లా, పోరస్ కార్బనా, రోబో నావిగేషనా, మూడింట్లో దేనికి డిమాండు ఉంటుందని అడిగావు. అయిదేళ్ల తర్వాత దేనికి గిరాకీ ఉంటుందో నీ గైడ్లకే తెలియదు. అది వదిలెయ్. ఒక్కో ల్యాబులో వచ్చిన అంకెను ఎవరు, ఎలా సరిచూస్తున్నారో అడుగు. నేనైతే దాన్నిబట్టే చేరతాను.

నాకు చేతనైనది కార్బన్ కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను. కోనసీమ కొబ్బరి చిప్పను బొగ్గు చేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి, నైట్రోజన్‌లో 700, 800 డిగ్రీల దాకా కాలిస్తే గ్రాముకు 2000 చదరపు మీటర్ల పైన ఉపరితలం రావచ్చు. వినడానికి గొప్పగా ఉంటుంది. ఆ అంకె మైనస్ 196 డిగ్రీల దగ్గర నైట్రోజన్ ఎంత పట్టిందో చూసి, 1938లో బ్రునావర్, ఎమ్మెట్, టెల్లర్ ఇచ్చిన సమీకరణంతో లెక్కగట్టినది. గ్రాఫు మీద ఏ బిందువు నుంచి ఏ బిందువు దాకా తీసుకున్నావన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఒకే 18 గ్రాఫులను 61 ల్యాబులకు పంపి చూసిన ఒక అధ్యయనం 2022లో అచ్చయింది. ల్యాబు ల్యాబుకూ జవాబు మారింది. ఒక్క పొర గ్రాఫీన్‌కు రెండు ముఖాలూ కలిపినా గ్రాముకు సుమారు 2630 చదరపు మీటర్లే. నీకు అంతకు మించి వస్తే, సన్న రంధ్రాలు గ్యాసుతో నిండిపోవడాన్ని సమీకరణం ఉపరితలంగా లెక్కేసిందేమోనని ముందు అనుమానించు, పండగ తర్వాత చేసుకోవచ్చు. శాంపిల్ 50 మిల్లీగ్రాములే వేస్తే, తూకంలో ఒక్క మిల్లీగ్రాము తేడా వచ్చినా 2 శాతం పోయినట్టే. తేమ పూర్తిగా పోగొట్టాకే తూచు.

ఈ కార్బన్‌తో సూపర్ కెపాసిటర్ల వైపు వెళితే ఇంకో తిరకాసు ఉంది. ఎలక్ట్రోడ్ మీద కార్బన్ పల్చగా పూస్తే గ్రాముకు ఇంత అని చెప్పే అంకె బ్రహ్మాండంగా వస్తుంది. రేకు, ఎలక్ట్రోలైట్ బరువు కూడా కలిపి చూస్తే అందులో చాలా భాగం కరిగిపోతుంది. పరిశోధకులు గొగోట్సి, సిమోన్ 2011లోనే ఈ మాట గట్టిగా రాశారు. ఒక ఎలక్ట్రోడ్ గ్రాముకు చెప్పే కెపాసిటెన్స్, రెండు ఎలక్ట్రోడ్‌ల మొత్తం బరువు మీద చెప్పేదానికి నాలుగింతలు ఉంటుంది. పేపర్లో ఏది వేశారో వెతికి చదువు.

జాగ్రత్త ఒకటి. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కాల్చడంలో పొటాషియం లోహం కూడా పుడుతుంది. కొలిమి పూర్తిగా చల్లారేదాకా నైట్రోజన్ ఆపొద్దు, వేడిగా ఉండగా తెరవొద్దు, నీళ్లు చల్లొద్దు. క్షారం అల్యూమినా పడవనూ క్వార్ట్జ్ గొట్టాన్నీ తినేస్తుంది, నికెల్ పడవ అడుగు. సీనియర్లు "ఏం కాదులే" అంటారు. వినకు.

పాలిమర్ల ల్యాబుకు వెళితే డీఎస్‌సీ (డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమెట్రీ) గ్రాఫు మొదటి వేడిదా, రెండోదా అని అడుగు. మొదటిదానిలో ఆ పదార్థం ఎలా చల్లారి వచ్చిందన్న చరిత్రంతా ఉంటుంది, రెండోదానిలో అది చెరిగిపోతుంది. ఏది చూపుతున్నారో రాయని పేపర్లు బోలెడు.

రోబోల సంగతి నాకు పైపైనే తెలుసు. సిమ్యులేషన్‌లో చక్కగా తిరిగే బండి మన కాలేజీ కారిడార్‌లో గాజు తలుపు దగ్గర తడబడుతుంది, దూరం కొలిచే లేజరు కాంతిలో చాలా భాగం గాజులోంచి దూరిపోతుంది కాబట్టి. చక్రం జారిన కొద్దీ దారి లెక్క తప్పుతూ పోతుంది. ఆ ల్యాబువాళ్లు వీడియో చూపిస్తే, తప్పిపోయిన పరుగులు కూడా చూపించమను. చూపించారంటే మంచి ల్యాబే.

చేరేముందు మూడు ల్యాబుల నుంచీ చివరి థీసిస్ ఒక్కొక్కటి తెచ్చుకుని, అనుబంధంలో ముడి డేటా ఉందో లేదో చూడు. గైడ్లు ఏమన్నారో నాకు రాయి. స్టైపెండ్ ఆలస్యమైతే మొహమాటపడకుండా ఫోన్ చెయ్, మీ నాన్నకు చెప్పనులే.

మీ పెదనాన్న