తేయాకు తోటలకు ఖనిజపుటెరువులు

ఇతర పైరులలో రైతు గింజనో కాయనో కోసికొని, ఆకును అలమును చాలవరకు నేలకే విడుచును. తేయాకు తోటలో ఆకే పంట. మొక్క తన సారమునంతయు ఏ లేతచిగురున నింపుకొనునో, ఆ రెండాకులును మొగ్గయునే గిల్లి తీసికొనిపోవుదురు. తయారైన తేయాకు నూరు కిలోలతో సుమారు 4 మొదలు 5 కిలోల నత్రజనియు, 2 కిలోల పొటాషియమును, అరకిలోకు లోపుగా భాస్వరమును నేలనుండి వెడలిపోవును. హెక్టారుకు 2,000 కిలోలు పండు తోటలో ఏటేట పోవు నత్రజని 80 కిలోలకు తక్కువ గాదు. పద్దులు వ్రాయువారికి ఈ లెక్క వింత కాదు: ఖర్చే గాని జమ లేని ఖాతా ఎన్నాళ్లు నిలుచును?

నత్రజని చిగురును పుట్టించును. అందుచే పలువురు దానినొక్కదానినే చల్లి, ఆకు నవనవలాడుట చూచి తృప్తిపడుదురు. ఇది పొరపాటు. పొటాషు చాలనిచో ముదురాకుల యంచులు మాడును. కత్తిరింపు పిమ్మట కొమ్మలు సరిగా చిగుర్పవు. ముదురాకులలో ఈనెల నడుమ పసుపెక్కినచో మెగ్నీషియము కొఱత యని యెంచవలెను. చిగుళ్లు పొట్టివై గుబురుగట్టి, ఆకులు సన్నబడి కొడవలివలె వంగినచో జింకు లోపము. దీనికి జింకు సల్ఫేటును నీటిలో కరగించి, ఎండ తీక్ష్ణముగా లేని వేళ ఆకులపై పిచికారీ చేయుదురు.

గంధకమునుగూర్చి ఒక వృత్తాంతము తెలిసికొనదగినది. నేడు మలావీ యనబడు న్యాసాలాండులో తేయాకు పొదలకు ఒక పసుపు తెగులు సోకి, లేతాకులు పాలిపోయి, ఈనెలు మాత్రము పచ్చగా నిలిచి, పొదలు క్షీణించి చచ్చుచుండెను. అది అంటుతెగులు కాదనియు, గంధకము లేమియే కారణమనియు స్టోరీ, లీచ్ అను శాస్త్రజ్ఞులు 1933లో ప్రకటించిరి. గంధకము వేయగా పొదలు కోలుకొనెను. అమ్మోనియం సల్ఫేటులో నత్రజని నూటికి 21 పాళ్లే యైనను, గంధకము సుమారు 24 పాళ్లు కలదు. యూరియాలో నత్రజని 46 పాళ్లు గాని గంధకము బొత్తిగా లేదు. బస్తా వెల చూచి యూరియానే కొనువారు ఈ సంగతి మఱవరాదు.

ఇక నేల పులుపు. తేయాకునకు పుల్లనేల హితవు, పి.హెచ్. 4.5 మొదలు 5.5 వఱకు ఉండుట మేలు. అయితే అమ్మోనియా యెరువులు ఏండ్లతరబడి వేసినకొలది నేల మఱింత పులియును. 4.5కు దిగినచో కత్తిరింపు జరుగు సంవత్సరమున డోలమైటు పొడి చల్లుట మంచిది. దానివలన సున్నమును మెగ్నీషియమును కూడ చేరును. పరీక్ష లేకయే, తక్కిన పైరులకు మేలైనది దీనికిని మేలే యని మంచి నేలలో సున్నము చల్లుట తోటకు చేటు. డోలమైటును నత్రజని యెరువును ఒక్కమారుగా వేయరాదు. అమ్మోనియా గాలిలో కలిసిపోవును. నడుమ కొన్ని వారములు గడువనీయవలెను.

ఎరువును కలుపు తీసిన పిమ్మట, నేల తడిగా నున్నపుడు, ఏటికి నాలుగైదు విడతలుగా పొద కొమ్మల నీడ పడు మేర చల్లవలెను. మొదట కుప్ప పోసినచో బెరడు కమలును. జడివానలో వేసినది వాగు పాలగును. రాక్ ఫాస్ఫేటు నేలలో కదలదు గనుక కొంత లోతున పూడ్చవలెను. నీరు నిలుచు తావున కాలువ త్రవ్వక ఎరువు వేయుట దండుగ; అచ్చట వేరే కుళ్లుచుండును.

పెద్ద తోటల కంపెనీలకు రసాయనజ్ఞులు కలరు. నీలగిరులలో ఎకరము రెండెకరముల తోట గల వేలకొలది చిన్న రైతులకు అంగడివాని మాటయే శాస్త్రము. పొద అనేక దశాబ్దములు బ్రతుకునది. చెడిన తోటను తిరిగి నాటి ఆకు చూచుసరికి ఏండ్లు పట్టును. కావున ముందు మట్టిని పరీక్షింపించుట యుక్తము. దక్షిణాదివారికి వాల్పారైలోని ఉపాసి పరిశోధన సంస్థయు, అస్సాము వారికి 1911లో జోర్హాటున నెలకొన్న తొక్లాయి సంస్థయు కలవు. ఎరువు వేయకమునుపే, తోటలో పలుచోట్ల జానెడు లోతు వఱకు మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి, అందుండి అరకిలో శుభ్రమైన సంచిలో కట్టి, తోట పేరును కడపటి కత్తిరింపు సంవత్సరమును వ్రాసి పంపవలెను.