పెట్రోలు ధర, పెట్రోలు రకము: పంచాయతీ సభ్యులు వేయవలసిన లెక్క

అల్లవరము కొబ్బరి అంబాజీపేట మార్కెట్టునకు చేరవలెనన్నను, ఓడలరేవు చేపలు అమలాపురమునకు పోవలెనన్నను, పంచాయతీ ట్రాక్టరు వీధులలోని చెత్తను తరలింపవలెనన్నను ఇంధనము కావలెను. దానికి వెచ్చించు ప్రతి రూపాయియు రైతు రాబడినుండియో, ఆటో నడుపువాని కూలినుండియో, పంచాయతీ నిధినుండియో పోవును. వీధిదీపములకో, మురుగుకాలువ పూడిక తీయుటకో ఉపయోగపడవలసిన సొమ్ము బండి టాంకులో వృథాగా కాలిపోవుచున్నదా అను ప్రశ్న సభ్యులు విచారింపదగినది. కావున ఇంధనపు ధర ఏల మారును, ఏ రకము పెట్రోలు ఏ బండికి తగును, ఖర్చును ఎట్లు లెక్కింపవలెను అను సంగతులను ఇందు వివరింతుము.

ధర ఎట్లు ఏర్పడును?

పూర్వము ఈ ధరలను కేంద్ర ప్రభుత్వము నిర్ణయించెడిది. 2010 జూన్ నెలలో పెట్రోలుపైనను, 2014 అక్టోబరులో డీజిలుపైనను ఆ నియంత్రణ తొలగినది. ప్రతి దినము ధరను సవరించు పద్ధతిని 2017 మే 1వ తేదీన ఐదు పట్టణములలో ప్రయోగించి చూచిరి. వానిలో విశాఖపట్నము ఒకటి. ఆ సంవత్సరమే జూన్ 16 నుండి అది దేశమంతటను అమలునకు వచ్చినది.

మన నేలలోనే చమురు, గ్యాసు లభించుచుండగా మనకు ధర ఏల తగ్గదని కోనసీమవాసులు అడుగుట సహజము. ఓడలరేవులో ఓఎన్‌జీసీ వారి టెర్మినలు కలదు. తాటిపాకలో 2001లో ప్రారంభమైన చిన్న చమురుశుద్ధి కర్మాగారము కలదు. అయితే దాని శక్తి సంవత్సరమునకు 66 వేల టన్నులు మాత్రమే. దేశమునకు కావలసిన ముడిచమురులో నూటికి 80 పాళ్లకు పైగా విదేశములనుండియే వచ్చుచున్నది. అందువలన చమురు ఎచ్చట లభించినను దాని వెల ప్రపంచ విపణి ధరను అనుసరించియే ఉండును.

ఆ వెలపై పన్నులు చేరును. కేంద్రపు ఎక్సైజు సుంకము దేశమంతటను ఒక్కటే. రాష్ట్రపు పన్ను మాత్రము రాష్ట్రమునకొక రీతిగా నుండును. 2021 నాటికి ఆంధ్రప్రదేశములో పెట్రోలుపై 31 శాతము వ్యాట్, లీటరునకు 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు ఉండెను. ముడిచమురు ధర పడిపోయినంత మాత్రమున బంకులో ధర తగ్గునని చెప్పుటకు వీలులేదు. 2020లో ముడిచమురు ధర మిక్కిలి పడిపోయినప్పుడు, మే నెలలో కేంద్రము ఎక్సైజు సుంకమును పెట్రోలుపై లీటరునకు 10 రూపాయలు, డీజిలుపై 13 రూపాయలు పెంచినది. మరల 2022 మే నెలలో పెట్రోలుపై 8 రూపాయలు, డీజిలుపై 6 రూపాయలు తగ్గించినది. ఈ హెచ్చుతగ్గులు పంచాయతీ చేతిలోనివి కావు. కొన్న ఇంధనమును ఎట్లు వాడుదుమన్నది మాత్రము మన చేతిలోనిదే.

యానాము ప్రయాణము లాభమా?

గౌతమి ఆవలి యొడ్డున నున్న యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిది. అచ్చటి పన్ను తక్కువగుటచే, ఎదుర్లంక వద్ద బాలయోగి వారధి దాటి పెట్రోలు పోయించుకొని వచ్చువారు ఉన్నారు. ఇందులో లాభమెంతయో ఉదాహరణముగా లెక్క వేయుదము. ఇచ్చట లీటరు 110 రూపాయలు, అచ్చట 98 రూపాయలు అనుకొందము. రాకపోకలు 80 కిలోమీటర్లు అనుకొందము. లీటరునకు 50 కిలోమీటర్లు నడుచు మోటారు సైకిలులో 10 లీటర్లు పోయించినచో 120 రూపాయలు మిగులును. కాని ప్రయాణమునకే 1.6 లీటర్లు, అనగా యానాము ధరకే సుమారు 157 రూపాయలు ఖర్చగును. లీటరునకు 16 కిలోమీటర్లు నడుచు కారులో 35 లీటర్లు పోయించినచో 420 రూపాయలు మిగిలి, దారిలో 490 రూపాయలు పోవును. వేరొక పనిమీద ఆ దారిని పోవువారికే ఇది లాభము. ఇక ప్లాస్టిక్ డబ్బాలలో పెట్రోలు నింపి తాటాకు పాకలలో దాచుట ప్రాణాపాయకరము. సభ్యులు దీనిని గట్టిగా నివారింపవలెను.

పెద్ద సంఖ్య గల పెట్రోలు మేలైనదా?

బంకులలో సాధారణ పెట్రోలుతో పాటు హెచ్చు ధరకు ప్రీమియము పెట్రోలు కూడ అమ్ముచున్నారు. దానిపై కనిపించు 95 వంటి సంఖ్యను ఆక్టేను సంఖ్య యందురు. ఇంజనులో పిస్టను పెట్రోలు ఆవిరిని, గాలిని కలిపి నొక్కును. పిదప నిప్పురవ్వ తగిలి అది మండవలెను. అట్లుగాక ఆ ఒత్తిడికే కొంత భాగము తనంత తాను భగ్గున మండినచో ఇంజను టకటక కొట్టుకొనును. మెకానిక్కులు దీనిని నాకింగు అందురు. దీనికి లొంగక నిలుచు గుణమును తెలుపునదే ఆక్టేను సంఖ్య. ఐసో ఆక్టేను అను ద్రవమునకు 100, హెప్టేను అను ద్రవమునకు సున్న అని నిర్ణయించిరి. 91 అనగా, మొదటిది 91 పాళ్లు, రెండవది 9 పాళ్లు కలిపిన మిశ్రమమువలె నిలుచు పెట్రోలు అని అర్థము. 2020 ఏప్రిల్ 1న అమలునకు వచ్చిన బీఎస్-6 ప్రమాణములలో సాధారణ పెట్రోలునకు 91, ప్రీమియమునకు 95 కనీస సంఖ్యలు.

ఈ సంఖ్య పెట్రోలులోని వేడిని గాని, బలమును గాని తెలుపదు. ఇరువది అడుగుల చెట్టునకు నలువది అడుగుల నిచ్చెన వేసినచో కాయలు ఎక్కువ రావు గదా! ఎథనాలు ఇందుకు మంచి నిదర్శనము. దాని ఆక్టేను సంఖ్య పెట్రోలు కంటె హెచ్చు. లీటరులోని వేడి మాత్రము పెట్రోలు కంటె సుమారు మూడవ వంతు తక్కువ. అందువలననే 20 శాతము ఎథనాలు కలిపినచో, ఎథనాలు లేని పెట్రోలునకు తయారై 10 శాతము మిశ్రమమునకు సరిచేయబడిన కార్లలో మైలేజీ 6 నుండి 7 శాతము, అట్టి ద్విచక్ర వాహనములలో 3 నుండి 4 శాతము తగ్గునని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసినది.

లీటరు 110 రూపాయల పెట్రోలుతో 50 కిలోమీటర్లు నడుచు బండికి కిలోమీటరునకు 2 రూపాయల 20 పైసలు ఖర్చగును. 118 రూపాయల ప్రీమియము అంతకు సరితూగవలెనన్నచో ఆ బండి సుమారు 54 కిలోమీటర్లు నడువవలెను. సాధారణ పెట్రోలుతో కొట్టుకొనక నడుచు ఇంజనులో, ఆక్టేను సంఖ్య పెరిగినంత మాత్రమున ఇట్టి వృద్ధి కలుగదు. ఎక్కువ ఒత్తిడితో పనిచేయు కొన్ని ఇంజనులకు 95 అవసరమని తయారీదారుల పుస్తకములో వ్రాసియుండును. వానికి అదియే పోయవలెను. ట్రాక్టరు డీజిలుతో నడుచును గనుక దానికి ఆక్టేను ప్రసక్తియే లేదు.

పంచాయతీ చేయవలసినది

ప్రతి పంచాయతీ బండికిని లాగ్ పుస్తకము ఉండవలెను. టాంకు నిండుగా పోయించి మీటరు అంకె వ్రాయవలెను. మరల నిండుగా పోయించినపుడు పట్టిన లీటర్లతో నడిచిన కిలోమీటర్లను భాగించినచో మైలేజీ తెలియును. ట్రాక్టరునకు గంటకు ఎన్ని లీటర్లు అని చూడవలెను. మూడు నెలల అంకెలను సమావేశమున చదివి వినిపింపవలెను. అంకె హఠాత్తుగా మారినచో కారణము విచారింపవలెను. టైర్లలో గాలి తగ్గుటయో, గాలి ఫిల్టరు మూసికొనిపోవుటయో, అధిక భారమో, బండి నిలిచియుండగా ఇంజను ఆపకపోవుటయో, ఇంధనము పక్కదారి పట్టుటయో కావచ్చును.

లీటరు ధర ప్రభుత్వములును, ప్రపంచ విపణియు నిర్ణయించును. కిలోమీటరు ఖర్చును మాత్రము బండి నడుపువాడును, లెక్క వ్రాయువాడును నిర్ణయింతురు. ఆ లెక్కను ప్రజలయెదుట ఉంచు పంచాయతీకి, మిగిలిన సొమ్ముతో ఏ వీధిలో దీపము వెలిగింపవలెనో నిర్ణయించు అవకాశము కలుగును.