మత స్వేచ్ఛ - మనం తెలుసుకోవలసిన నాలుగు మాటలు



మేము ఈ హాస్టల్లో చదివే రోజుల్లో ఒక తమ్ముడు ప్రార్థనకు అందరితోపాటు లేచి నిలబడేవాడు గాని పాడేవాడు కాదు. వాళ్లింటి నమ్మకం వేరు. మేమంతా అతన్ని ఎగతాళి చేసేవాళ్లం. అది ఎంత తప్పో పి.జి.లో రాజ్యాంగం చదివాకగాని మాకు తెలియలేదు.

మన దేశానికి అధికార మతం లేదు. పీఠికలో ‘లౌకిక’ అనే పదం 1976లో 42వ సవరణతో చేరినా, మత స్వేచ్ఛ హక్కు 1950 నుంచే ఉంది.

25వ అధికరణ: ఎవరి మనస్సాక్షి ప్రకారం వారు ఏ మతాన్నైనా నమ్మవచ్చు, ఆచరించవచ్చు, ప్రచారం చేసుకోవచ్చు. అయితే శాంతిభద్రతలకు, నైతికతకు, ప్రజారోగ్యానికి, ఇతర ప్రాథమిక హక్కులకు లోబడాలి.
26: మతశాఖలు తమ మత వ్యవహారాలను తామే నడుపుకోవచ్చు.
27: ఒక మతాన్ని పోషించడం కోసం పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టరాదు.
28: పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ చేయరాదు.

మన ప్రభుత్వం మతానికి దూరంగా ఉన్నా, అన్యాయాన్ని చూస్తూ ఊరుకోనక్కరలేదు. ప్రజలందరికీ చెందిన హిందూ దేవాలయాలను అన్ని వర్గాల హిందువులకూ తెరిపించే చట్టం చేయవచ్చని 25వ అధికరణే చెబుతోంది. గుడి బయటే నిలబడి దండం పెట్టుకున్న మన తాతలను తలచుకుంటే ఆ వాక్యం విలువ తెలుస్తుంది.

ఇక ఒక కేసు. 1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేశారు. జాతీయ గీతం వచ్చినప్పుడు వారు గౌరవంగా నిలబడేవారు గాని, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోవాలని తీర్పు చెప్పింది. గీతం పాడి తీరాలనే చట్టం ఏదీ లేదని, నిలబడటమే గౌరవమని, పిల్లలను తీసేయడం వారి భావప్రకటన, మనస్సాక్షి స్వేచ్ఛలను ఉల్లంఘించడమేనని తేల్చింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి.

ఆ ముగ్గురూ మన ఈడు పిల్లలే. మా తమ్ముడు చేసిందీ అదే. నిలబడ్డాడు, గౌరవించాడు. ఆనాడు మేము అతనికి క్షమాపణ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాం.

తమ్ముళ్లూ! మెస్సులో ఒకే బంతిన కూర్చుని తినే మనం పక్కవాడి నమ్మకాన్ని వెక్కిరించవద్దు. మన స్వేచ్ఛకు కాపలా పక్కవాడి స్వేచ్ఛే.